బాలమరియ తలలో చీటీ

పాయెతె
ఈస్టరు వెళ్ళిన రెండో మంగళవారం, మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడు సెల్మోకు,

మీ అక్క ఈసాంగ్ దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను బాగున్నాను. ఇల్లు బాగుంది, పనికొట్టం బాగుంది. పక్కింటి కులాస్ మామ బాగున్నాడు, ఆయన దగ్గు ఆయనకంటే బాగుంది. ఓడలో నువ్వూ నీ చేతివేళ్ళూ చల్లగా ఉండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటాను. విందు బల్లలకు మంచుబొమ్మలు చెక్కేవాడి వేళ్ళు చల్లగా ఉండాలని కోరుకోవడమేమిటని నవ్వకు.

నీ కిందటి ఉత్తరం మట్టలాదివారం ముందురోజు అందింది. అడిగినవాటికి వరసగా చెబుతాను, లేకపోతే అక్కకి మతిమరుపు వచ్చిందని ఓడంతా చాటింపు వేస్తావు. పనికొట్టం పైరేకులు మార్పించాను, ఇప్పుడు వాన కురిస్తే చప్పుడే తప్ప చుక్క పడదు. నాన్న ఉలులకు కొబ్బరినూనె రాస్తున్నావా అని అడిగావు. నువ్వు పుట్టకముందు నుంచి రాస్తున్నాను నాయనా, నాకు చెప్పొచ్చావు. నీ కూతురు లూమింగ్‌కు నువ్వు పంపిన ఎర్రబూట్లు వేలెడు వదులు. ముందు గుడ్డ కుక్కి వేసుకుని, వీధిలో పింగ్ వదిన ఎండబెట్టిన కాగితపు గుర్రాల మధ్య టకటకా తిరిగింది. ఒక గుర్రం చెవి తొక్కేసింది కూడా. వదిన నోరు నీకు తెలుసు కదా, మన ఏడు తరాలనూ తిట్టిపోసింది.

ఇక చివర ఒకటి అడిగావు, లూమింగ్ ఎందుకు ఉత్తరం రాయడం లేదని. దానికి ముందు వేరే సంగతి చెప్పాలి.

జనవరిలో పెద్దింటి దోన్యా ఫెలిసా వచ్చింది. జెనోవాలో వాళ్ళమ్మాయి, మనవాళ్ళు మరికొందరు కలిసి వెళ్ళే చర్చి ఉందట. అక్కడికి బాలమరియ బొమ్మ కావాలంది. ఎనిమిదేళ్ళ పిల్లంత ఎత్తు, గాజుకళ్ళు, అసలు జుట్టు. "సెల్మో సముద్రం మీద ఉన్నాడు కదా, మరి ముఖం ఎవరు చెక్కుతారు?" అని అడిగింది. నేనే అన్నాను. ఆవిడ విసనకర్ర ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

నాన్న ఉన్నన్నాళ్ళూ నన్ను ముఖం మీద ఉలి పెట్టనివ్వలేదు. చేతులు నావి, పాదాలు నావి, బట్టల మడతలు నావి, కళ్ళు బిగించడం నాది. ముఖం ఆయనది, ఆయన తర్వాత నీది. నలభై ఆరేళ్ళు వచ్చాయి నాకు. ఊళ్ళో ప్రతి ఊరేగింపులోనూ నేను చెక్కిన పాదాలు నడిచాయి, ఒక్క ముఖం కూడా నడవలేదు. అది నాకు ఎంత కడుపుమంటో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

చెక్క మంచిది దొరికింది, ఎండి మూడేళ్ళయిన బతికులిన్ దుంగ. లూమింగ్ బడినుంచి రాగానే చెక్కపొట్టు మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. నేను చెక్కుతూ దాన్ని చూసేదాన్ని, అంతే. నాన్న చెప్పిన కట్టుబాటు నాకు తెలియనిది కాదు. బతికున్న మనిషి ముఖం బొమ్మకు పెట్టకూడదు. కన్ను ఒకరిది, ముక్కు ఒకరిది, గడ్డం ఒకరిది తీసుకోవాలి. ఒకవేళ ఒకే మనిషి ముఖం వచ్చేస్తుంటే కనుబొమ దగ్గర ఒక దెబ్బ వేసి తప్పించాలి. నాలుగో రోజుకు చెక్కలోంచి లూమింగ్ చూసింది. దెబ్బ వెయ్యడానికి ఉలి ఎత్తాను. చెయ్యి రాలేదు సెల్మో. అంత బాగా వచ్చింది.

కులాస్ మామ తలుపు దగ్గర నుంచి తొంగి చూశాడు.

"ఏమే ఈసాంగ్, ముఖం చెక్కుతున్నావట! ముక్కు ఎటువైపు పెట్టావు?"

"నీ ముక్కుకంటే తిన్నగానే పెట్టాలే మామా. వచ్చి చూడు."

వచ్చాడు. చూశాడు. తల మీద టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను మెచ్చుకుంటాడనుకున్నాను.

"ఇది మన లూమింగ్ కదే."

"ఆ వయసు పిల్లలందరూ అలాగే ఉంటారు."

"అందరి పిల్లలకీ ఎడం చెవి తమ్మె అలా మడత పడి ఉండదు. మీ నాన్న ఉంటే నీ చెయ్యి విరగ్గొట్టేవాడు. ఏదీ, ఆ చెవన్నా మార్చు."

మారుస్తానన్నాను. మార్చలేదు.

తర్వాత జుట్టు సంగతి. పట్నంలో కొందామనుకున్నాం. లూమింగే కత్తెర పట్టుకొచ్చి, "నాది తీసుకో అత్తా, వేసవిలో చెమట పోస్తోంది" అంది. అప్పటికే దోన్యా ఫెలిసాను అది ఒక మాట అడిగింది. "జెనోవా అంటే మా నాన్న ఉత్తరాల మీద ముద్ర ఉండే ఊరేనా?" అని. ఆవిడ అవునంది. "బొమ్మ ఓడలో వెళ్తుందా?" అంటే, "మరి ఎగిరి వెళ్తుందా పిచ్చిపిల్లా?" అని నవ్వింది. నేను పక్కనే ఉన్నాను. నాకు ఏమీ తోచలేదు.

కళ్ళు బిగించిన రోజు ఎలా జరుగుతుందో నీకు చెప్పనక్కర్లేదు. నడినెత్తి నుంచి చెవుల వెనకగా గడ్డం కింది దాకా కోసి, ముఖం విడదీసి, లోపల తొలిచి, గాజుకళ్ళను మైనంతో వెనకనుంచి అమర్చాను. చీటీ మీద మన నాయనమ్మ పేరు రాశాను. ఎస్తానిస్లావా. మన కొట్టంలోంచి వెళ్ళిన ప్రతి తలలోనూ చచ్చిపోయిన మనవాళ్ళలో ఒకరి పేరుంటుంది కదా. తల బోలుగా ఉంటే ఖాళీ ఇల్లు, ఖాళీ ఇంట్లోకి ఎవరో ఒకరు దిగుతారు, ఆ దిగేదేదో మనవాళ్ళే దిగితే నయం అని నాన్న అనేవాడు. పక్కన కూర్చున్న లూమింగ్ అడిగితే, చీటీలో పేరున్నవాళ్ళే బొమ్మతో వెళ్తారని చెప్పాను. చీటీ మడిచి లోపల పెట్టి, జిగురు కలపడానికి వంటింట్లోకి వెళ్ళాను. వచ్చాక లోపల చూడలేదు. ఎందుకు చూస్తాను? ముఖం అతికించి, తాడు బిగించి, రెండు రోజులు ఆరనిచ్చాను. అతుకు మీద ఏడు పూతలు సుద్ద, దానిమీద మూడు పూతలు చర్మపు రంగు వేసి, గరుకైన ఇసిస్ ఆకుతో నున్నగా తోమాను. రంగు ఆరిన రోజు దోన్యా ఫెలిసా వచ్చి బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి పట్టుకుంది సెల్మో, నాది! నాకు ఆ పూట అన్నం సయించలేదు, అంత సంతోషం.

పైన అందరి క్షేమం రాసినప్పుడు లూమింగ్ పేరు రాయలేదు. గమనించే ఉంటావు. చదువుతూ కూర్చో, లేవకు.

మొదట జుట్టు. సాయంత్రం దువ్వి జడ వేసిన బొమ్మ జుట్టు పొద్దున్నకి చిక్కులు పడి ఉండేది, ఒకవైపు అణిగిపోయి, ఎవరో దిండు మీద పడుకుని లేచినట్టు. ఎలుకలేమో అనుకుని పిల్లిని కొట్టంలో ఉంచబోయాను. అది గడప దాటనని మొండికేసింది. ఇటు లూమింగ్ పక్క మీద దిండు మాత్రం వేసింది వేసినట్టే ఉండేది.

తర్వాత తిండి. పవిత్ర బుధవారం మధ్యాహ్నం కులాస్ మామ వేళాకోళానికి బెల్లం పెట్టిన బియ్యపు బిళ్ళ ఒకటి ఆకులో తెచ్చి బొమ్మ పాదాల దగ్గర పెట్టాడు. "తిను తల్లీ, ప్రయాణం దూరం" అన్నాడు. లూమింగ్ ఆ సమయంలో నా దగ్గర వంటింట్లో ఉంది. తలుపు మూసి ఉంది. నేను అన్నం పెట్టబోతే కంచం పక్కకు జరిపింది.

"వద్దత్తా, అక్కడ తిన్నాను."

"ఎక్కడే?"

"అక్కడే. బెల్లం ఎక్కువైంది." చేత్తో మూతి తుడుచుకుంది.

కొట్టంలోకి పరిగెత్తాను. బిళ్ళ ఆకులో అలాగే ఉంది. మామ దాన్ని కొరికి చూసి ఉమ్మేశాడు. చప్పగా, నమిలి పారేసిన చెరుకుపిప్పిలా ఉందన్నాడు. ఆ ముసలాయనకు నాలుక ఎప్పుడో చచ్చిందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

అక్కడి నుంచి పిల్ల మాట తగ్గించింది. పేరు పెట్టి పిలిస్తే తిరగడం మానేసింది. నేను వాకిట్లో నిలబడి "లూమింగ్" అని కేకేస్తే, పక్కన కూర్చున్న పిల్ల కదలదు, కొట్టంలోంచి మాత్రం చెక్క విరిచినట్టు చిన్న చప్పుడు వచ్చేది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళు వెడల్పుగా తెరిపించి చూసి, నులిపురుగులన్నాడు, ఎర్రమందు ఇచ్చాడు. ఆయన చూస్తున్నంతసేపూ పిల్ల ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు. అది నేను చూశాను. ఆయన చూడలేదు.

పవిత్ర శనివారం ఉదయం దాని బడిసంచీ ఉతుకుదామని బోర్లించాను. అడుగున మడత చీటీ. విప్పితే నా చేతిరాత. ఎస్తానిస్లావా.

పిల్ల గడప మీద కూర్చుని ఉంది. ఎదురుగా కూర్చుని, గొంతు పెంచకుండా అడిగాను.

"దీన్ని ఎప్పుడు తీశావమ్మా?"

"నువ్వు జిగురుకెళ్ళినప్పుడు."

"దీని బదులు ఏం పెట్టావు?"

"నా పేరు. ఇలుమినాదా అని పూర్తిగా రాశాను. కింద నాన్న పేరు, ఓడ పేరు కూడా రాశా. తప్పిపోకూడదు కదా."

"ఎందుకు పెట్టావు తల్లీ?"

"పేరున్నవాళ్ళే వెళ్తారన్నావుగా. మీ నాయనమ్మకి జెనోవాలో ఎవరూ లేరు. నాకు నాన్న ఉన్నాడు." అది కోపంగా కాదు, ఏడుస్తూ కాదు, టిక్కెట్టు చూపించినంత మామూలుగా చెప్పింది.

మూడేళ్ళు సెల్మో. తల్లి పోయాక పిల్లకు మిగిలింది నువ్వు. నువ్వు వెళ్ళి మూడేళ్ళు. నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు, ఆ చీటీ పెట్టేదాకా దాని మనసులో ఏముందో పక్కనే ఉన్న నాకు తెలియలేదు. తప్పు నాది.

కులాస్ మామను పిలిచి చీటీ చూపించాను. గోడ పట్టుకుని కూర్చున్నాడు.

"ముఖం దానిది, జుట్టు దానిది, ఇప్పుడు పేరూ దానిదే. ఇంకేం మిగిలిందే బయట? ఇప్పుడే కొయ్యి."

"సోమవారం పెట్టె కడతారు మామా. కోస్తే చెంపలు పెచ్చులూడిపోతాయి. మళ్ళీ అతికినా ఆ ముఖం రాదు."

"నిన్ను పిల్ల గొంతు కొయ్యమంటున్నానా? అతుకు కొయ్యమంటున్నాను!"

ఇక్కడి నుంచి చెప్పేది ఎవరికీ చెప్పలేదు. ఫాదరుకు ఒప్పుకోలులో కూడా చెప్పలేదు. పేజీ తిప్పేలోపు నా మీద జాలి ఏమన్నా ఉంటే తీసేసుకో.

మామను బయటికి పంపి తలుపు వేశాను. సన్న రంపం తీశాను. మిట్టమధ్యాహ్నం, రేకుల సందుల్లోంచి ఎండ సరిగ్గా బొమ్మ ముఖం మీద పడుతోంది. నెత్తి మీద రంపం ఆనించాను. లూమింగ్ కిటికీ అవతల నిలబడి చూస్తోంది. గాజుకళ్ళలో నేను కనిపించాను. చేతిలో రంపంతో ముసలిదాన్ని. ఆ కింద నా జీవితంలో నేను చెక్కిన ఒకే ఒక్క ముఖం. నాన్న చెక్కలేదు అలాంటిది. నువ్వూ చెక్కలేదు. దాన్ని చెడగొట్టాలి.

కోయలేకపోయాను.

రంపం గోడకు తగిలించాను. బయటికొచ్చి, "తీసేశాను మామా, మళ్ళీ అతికించాను, గీత కూడా కనపడదు" అన్నాను. ఆయన సిలువ గుర్తు వేసుకుని నా నెత్తిన ముద్దు పెట్టాడు. సోమవారం ఆయనే దగ్గరుండి మేకులు కొట్టించాడు. ఇదంతా ఉత్తదేననీ, పిల్లకు నులిపురుగులేననీ, పెట్టె వెళ్ళిపోతే అన్నీ సర్దుకుంటాయనీ నాకు నేను ఎన్ని చెప్పుకున్నానో. లారీ మలుపు తిరిగేసరికి, నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ లూమింగ్ ఆ మలుపు తిరిగిన వైపే ఒరిగింది.

ఆ సాయంత్రం మొదటిసారి తనంతట తను మాట్లాడింది. "చీకటిగా ఉందత్తా. గడ్డి గుచ్చుకుంటోంది" అంది. బొమ్మ చుట్టూ నేనే వరిగడ్డి కూరాను. అప్పుడు వాకిట్లో ఇంకా వెలుతురు ఉంది.

శుక్రవారం, "ఊగుతోంది" అంది. ఆ రోజే సరుకు ఓడ రేవు దాటిందని దోన్యా ఫెలిసా మనిషి వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆదివారం, "నీళ్ళ చప్పుడు" అంది. నిన్న పెదాలు కదిపింది కానీ మాట నాకు చేరలేదు. ఓడ దూరమయ్యేకొద్దీ గొంతు సన్నగిల్లుతోంది. ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఉంది. ఎర్రబూట్లు వేసుకుంది. మెడ దగ్గర వాసన చూస్తే అప్పుడే చెక్కిన చెక్క వాసన. గంజి పోస్తే మింగుతుంది, అదొక్కటే నాకు ధైర్యం.

పెట్టె జూన్ మొదటి వారంలో జెనోవా చేరుతుందట. నీ ఓడ పదిహేను రోజులకోసారి ఆ రేవుకు వస్తుందని రాశావు. ఈ ఉత్తరం విమానంలో ముందే చేరుతుంది. చర్చి పేరు, వీధి పేరు విడిగా కాగితం మీద రాసి జతచేశాను. ఫాదరును బతిమాలుకో, వినకపోతే దొంగతనంగానైనా లోపలికి వెళ్ళు. నన్ను తిట్టడానికి తర్వాత బోలెడు కాలం ఉంది. ఇదంతా పెళ్ళిలేని ముసలిదాని పిచ్చి అనుకున్నా సరే, అనుకుంటూనే కొయ్యి.

బొమ్మను చూడగానే నీకు కాళ్ళూ చేతులూ ఆడవు. అది నీ కూతురే. అందుకని ముఖం చూడకు. బోర్లా పడుకోబెట్టి వెనకనుంచి మొదలుపెట్టు. ఎడం చెవి వెనక సుద్ద కాస్త పలచగా ఉంటుంది, రంపం అక్కడ దిగుతుంది. లోతు చిటికెన వేలంత, అంతకు మించి పోనివ్వకు, మైనం తగులుతుంది. పొద్దున చెక్కింది భోజనాలయ్యేసరికి కరిగిపోవడం నీకు అలవాటే. నీ చేతికి పోగొట్టుకోవడం వచ్చు, నా చేతికి రాలేదు. అందుకే నిన్ను అడుగుతున్నాను.

ముఖం ఊడాక చీటీని ఒక్కసారిగా లాగెయ్యకు. నువ్వు ఒక్కడివే పిలిచే పేరుంది కదా, బులిలిత్ అని, ఆ పేరుతో పిలువు. నాన్న వచ్చాడని చెప్పు. అది అంత దూరం వచ్చింది నీకోసం, కాసేపు నీ దగ్గర ఉండనివ్వు. తర్వాత ఇంటికి వెళ్ళమని చెప్పి, అప్పుడు చీటీ తియ్యి. నా మాట వినదు, నీ మాట వింటుంది.

ఏ రోజు, ఎన్ని గంటలకు కోస్తావో ముందుగా టెలిగ్రాం ఇవ్వు. ఆ గంటకు నేను ఇక్కడ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఉంటాను.

ఇట్లు,
నీ బిడ్డను నీకు అప్పగించలేకపోయిన
నీ అక్క
ఈసాంగ్